గోడకొచ్చిన చదువు

విద్యా సంస్కరణల వల్ల నిజంగా బాగుపడ్డ మనిషిని ఒక్కణ్ణి చూపించమని ఎవరైనా పందెం కాస్తే నేను తడుముకోను. విశాఖపట్నంలో బస్సెక్కించి, సముద్రం పక్కనుంచి భీమిలి తీసుకొచ్చి, లైట్‌హౌస్ దగ్గర దింపి, టీ కొట్టు బల్ల మీద కూర్చున్న పెయింటరు మావని చూపిస్తాను. చొక్కా మీద ఏడు రంగుల మరకలు, చెవి మీద సగం కాల్చిన చుట్ట, చేతిలో కుంచె. మా వైపు బడి గోడలన్నీ ఆయన రాసినవే. సంస్కరణ ఎప్పుడొచ్చినా ముందు ఆయన గుమ్మమే తొక్కుతుంది. పూరిల్లు స్లాబు ఇల్లయింది, కూతురి పెళ్లయింది, మోటారు సైకిలొచ్చింది. ఇంత కళ్లకి కట్టినట్టు కనబడే లబ్ధిదారు ఇంకొకరు నాకు తెలీదు.

ఒక్కటే చిక్కు. ఆయనకి చదవడం రాదు.

రెండో తరగతిలో ఉండగా తండ్రి తెప్ప మీదికి తీసుకుపోయాడు. సముద్రం పడక వాంతులు చేసుకుంటే ఒడ్డుకి తోలేశాడు. ఈలోగా బడివాళ్లు పేరు కొట్టేశారు. ఆ తర్వాత గోడలకి సున్నం, సున్నం నుంచి రంగు, రంగు నుంచి అక్షరాలు. కాగితం మీద ఏముంటే గోడ మీద అది దించుతాడు. 'అ' అంటే ఆయనకి అమ్మ కాదు, ఒక వంపు. "రాత నాది, సదువు మీది బాబూ" అంటాడు. చదవడం రాకుండా రాయడం వచ్చిన మనిషి లోకంలో ఈయనొక్కడే అనుకునేవాణ్ణి. ఈమధ్య అయిదో తరగతి పిల్లల నోటు పుస్తకాలు చూశాక ఆ భ్రమ పోయింది. బోర్డు మీదున్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించేస్తున్నారు. చదవమంటే మావలాగే నవ్వుతున్నారు.

భీమిలికి పొరలు కొత్త కాదు. పావురాలకొండ మీద బౌద్ధుల విహారాల ఆనవాళ్లున్నాయి. అవతల తొట్లకొండ మీద రాతిని తొలిచి నీటి తొట్లు కట్టుకుని, భిక్షువులు ఏళ్ల తరబడి కూర్చుని చదువుకున్నారు. కింద ఊళ్లో డచ్చివాళ్ల సమాధులున్నాయి. వాళ్లు 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయారు. 1861లో మునిసిపాలిటీ అయ్యాం. దేశంలోనే పాతవాటిలో ఒకటని చెప్పుకునేవాళ్లం, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయాం. అందుకని మా ఊళ్లో ఎవరొచ్చినా, ఎవరెళ్లినా, బోర్డు మారినా ఎవరూ ఉలిక్కిపడరు.

మొన్నటి వానకి మా వీధి చివరి బడి గోడ పెచ్చులూడింది. పురావస్తు శాఖవారు రాలేదు గానీ నేనూ మావా కలిసి తవ్వకాలు జరిపాం. గోరుతో గీకితే ఒక ప్రభుత్వం, పుట్టీ బ్లేడుతో గీకితే ఇంకో ప్రభుత్వం. అట్టడుగున 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ తగిలింది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక నల్లబల్ల అని కేంద్రం మాటిచ్చిన పథకం అది. దాని మీద 1990ల నాటి జిల్లా ప్రాథమిక విద్యా పథకం, డీపీఈపీ. దాని మీద 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్, పెన్సిలు మీదెక్కిన ఇద్దరు పిల్లలతో సహా. ఆ పెన్సిలు దిగి 2018లో సమగ్ర శిక్ష అయింది. ఆపైన నాడు-నేడు. అన్నిటికన్నా పైన, తడి ఇంకా ఆరినట్టు లేని పొర, 2024.

"ఏటి మావా, ఇన్ని పూతలు పడ్డాక గోడ మందం పెరిగుండాలే" అన్నాను.

"గోడ పెరిగింది బాబూ. గది సిన్నదైంది" అన్నాడు.

మావకి అన్నిటికన్నా ఇష్టమైన కాలం 2019-20. పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులేశారు. హైకోర్టు తీసెయ్యమంది. ఆ రంగులకి ఎర్రమట్టి రంగొకటి కలిపి మళ్లీ జీవో ఇచ్చారు. అదీ చెల్లదంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లి, అక్కడా మొట్టికాయ తిని, చివరికి చెరిపించారు. "ఏసినందుకో బిల్లు, సెరిపినందుకో బిల్లు. నాయం ఉందని అప్పుడే నమ్మినాను" అంటాడు మావ. న్యాయవ్యవస్థ మీద ఇంత నమ్మకం ఉన్న పౌరుణ్ణి నేనింకెక్కడా చూళ్లేదు.

నాడు-నేడుని మాత్రం మావ వెటకారం చెయ్యనివ్వడు. 2019 నవంబర్ 14న మొదలై, తొలి విడతలో 15,715 బళ్లకి మరుగుదొడ్లు, నీళ్లు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు వచ్చాయి. "గుంటలకి దొడ్డొచ్చింది బాబూ, నవ్వకు" అన్నాడు. నవ్వలేదు. పెద్దమనిషైన పిల్ల బడి మానేసేది చాలాసార్లు చదువు బరువై కాదు, దొడ్డి లేక. కాకపోతే మన దగ్గర ఒక సంప్రదాయం ఉంది. గుడి కట్టించినవాడు పూజారిని మర్చిపోడు గానీ, బడి కట్టించినవాడు పంతుల్ని మర్చిపోతాడు.

ఇక 2024 పొర. పేర్లు మారాయి. జగనన్న విద్యాకానుక కాస్తా సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. నాడు-నేడు 'మన బడి - మన భవిష్యత్తు' అయింది. అమ్మఒడి తల్లికి వందనం అయింది. గోరుముద్ద డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. బతికున్న నాయకుడి పేరు తీసి మహనీయుల పేర్లు పెట్టడం మర్యాదే, కాదనను. కానీ సీతమ్మగారి సంగతి తల్చుకుంటేనే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఆవిడ కోనసీమలో లంకల గన్నవరంలో, వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టింది. వడ్డించిన ప్రతి విస్తరికీ ఫొటో తీసి అప్‌లోడ్ చెయ్యమంటే ఆ తల్లి ఎంతమందికి పెట్టగలిగేదో!

పేరు మారితే పులుసు రుచి మారుతుందా అని మా వీధి గుంటణ్ణి అడిగాను. "గుడ్డు ఉంటే ఏ పేరైనా పర్లేదండి" అన్నాడు. ఇంతకన్నా సూటిగా విద్యావిధానం మీద మాట్లాడినవాణ్ణి నేను టీవీ చర్చల్లో చూళ్లేదు.

అయితే మారనిదీ ఒకటుంది. అమ్మఒడి కింద మొదట 15,000 అన్నారు. బడి నిర్వహణకని కోత పెట్టగా పెట్టగా 2022 నాటికి తల్లి చేతికి వచ్చింది 13,000. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, ఒక బిడ్డకి కాక ప్రతి బిడ్డకీ ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. 2025లో తల్లి ఖాతాలో పడింది, మళ్లీ 13,000. ఎండాకాలం ఏది అన్న విషయంలో కూడా ఒకమాట మీదుండని రెండు పార్టీలు ఈ అంకె దగ్గర మాత్రం అన్నదమ్ముల్లా కలిసిపోయాయి.

ఇక రకాలు. 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చింది. బళ్లని ఆరు రకాలుగా విడగొట్టారు. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఉన్న ఊరి బడి నుంచి లేచి హైస్కూలుకి నడిచాయి. చిన్న కాళ్లు నడవలేనిచోట ఆటో ఎక్కాయి, ఆటో దొరకనిచోట ఇంటి దగ్గర ఉండిపోయాయి. తప్పు జరిగిందని కొత్త ప్రభుత్వం ఒప్పుకుంది. 2025లో ఆ జీవోని రద్దు చేసి, ఆరు రకాల గందరగోళం పోగొట్టడానికి తొమ్మిది రకాలు పెట్టింది.

ఈ లెక్క నాకు అర్థం కాక మా ఒడ్డున చేపలమ్మే పెద్దావిడని అడిగాను. వల లాగాక కవళ్లు ఓ పక్క, వంజరం ఓ పక్క, నెత్తళ్లు ఓ పక్క వేరు చేస్తుంది కదా, రకాల సంగతి ఆవిడకే తెలియాలి. "రకాలు ఏరేది ధర కట్టడానికి నాయనా. గంప మార్చితే సేప పెరగదు" అంది. తొమ్మిది గంపలున్నాయని చెప్పాను. "ఎంచేవోళ్లు ఎంతమంది?" అంది. చాలాచోట్ల ఒక్కరే అన్నాను. ఒక మనిషి అయిదు తరగతులకి ఏకకాలంలో అన్ని సబ్జెక్టులూ చెప్పే బడికి మనం ఏకోపాధ్యాయ పాఠశాల అని ముద్దుపేరు పెట్టుకున్నాం. నాటకాల పోటీల్లోనైతే దీన్ని ఏకపాత్రాభినయం అంటారు, కప్పు ఇస్తారు. 1987లో ఇద్దరు టీచర్లు అని రాసిన పొర గోడ అడుగున భద్రంగానే ఉంది లెండి.

ఆ పెద్దావిడ ఇంకోమాట కూడా అంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేట బంద్. గుడ్లు పెట్టే కాలం, కదిలించకూడదు. చేపపిల్లల విషయంలో ప్రభుత్వానికి ఈ మాత్రం ఇంగితం ఉంది. మనిషి పిల్లల విషయంలోనే బడి తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా ఎవరో ఒకరు వల వేస్తూనే ఉంటారు. ఇవాళ సర్వే, రేపు శిక్షణ, ఎల్లుండి ఎన్నికల డ్యూటీ, ఆ పైన యాప్.

యాప్ అన్నాను కదా. 2022 ఆగస్టులో మేస్టారు ముఖం ఫోన్లో చూపిస్తేనే హాజరు అన్నారు. సిగ్నలు కోసం మేస్టార్లు బడి గోడెక్కారు, చెట్టు కిందికి పరిగెత్తారు. అంతకుముందే మరుగుదొడ్డి ఫొటోలు తీసి పంపే భాగ్యం కలిగింది. బీఎడ్‌లో విద్యా మనస్తత్వశాస్త్రం చదివిన మనిషి పొద్దున్నే ఫోను పట్టుకుని దొడ్డి ముందు, లైటింగు ఎటునుంచి పడుతుందా అని నిలబడ్డాడు. 2024లో కొత్త ప్రభుత్వం ఆ ఫొటోలక్కర్లేదంది. మేస్టార్లు చేతులెత్తి దండం పెట్టారు. ఆపైన 2025లో పాత యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకే యాప్ చేశారు. ఊబిలన్నీ కలిపి ఒకే ఊబి చేస్తే దారి తెలుస్తుందని కాబోలు. మొత్తానికి మేస్టారి ముఖాన్ని గుర్తుపట్టే యంత్రం వచ్చింది. ఏ పిల్లాడికి 'క'కీ 'గ'కీ తేడా తెలీడం లేదో గుర్తుపట్టే తీరిక మాత్రం మేస్టారికి రాలేదు.

తర్వాత ట్యాబులు. 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ల టీచర్లకి కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబులు పంచడం మొదలుపెట్టారు, లోపల బైజూస్ పాఠాలతో. మరుసటేడు మళ్లీ పంచారు. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలో పడింది. పంతులు పరీక్ష తప్పితే పిల్లలకి సెలవివ్వాలా వద్దా అన్న ధర్మసందేహానికి శాస్త్రంలో జవాబు లేదు. ఈ సరదా మనకొక్కరికే అనుకోకండి. దక్షిణ అమెరికాలో పెరూ దేశం, పిల్లాడికో లాప్‌టాప్ ఉద్యమంలో ఎనిమిది లక్షలకి పైగా పంచింది. 2012లో లెక్క తీస్తే లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల మార్కులు ఉన్నచోటే ఉన్నాయి. అక్కడా గోడలకి రంగులేసే మావలు ఉండే ఉంటారు. వాళ్లు సుఖంగా ఉన్నారని ఆశిద్దాం.

మీడియం సంగతి చెప్పకపోతే ఈ పత్రిక నాకు పారితోషికం ఇవ్వదు. 2019 నవంబర్‌లో సర్కారు బళ్లన్నీ ఇంగ్లీషు మీడియం అన్నారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. మధ్యేమార్గంగా అద్దం పుస్తకాలొచ్చాయి, ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష. మా గుంటడు ఎడమ పేజీ చూసి, కుడి పేజీ చూసి, రెండింటిలోనూ ఉన్న బొమ్మ చూసి పుస్తకం మూసేస్తాడు. ఒక భాష రాని పిల్లాడికి రెండు భాషలు రాకుండా చెయ్యడాన్ని కూడా అభివృద్ధి ఖాతాలోనే రాసుకోవాలి.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉండగా సవరలకి చదువు చెప్పాలనుకున్నారు. ఆయన చేసిన మొదటి పని, వాళ్లకి తెలుగు నేర్పడం కాదు. తాను సవర నేర్చుకున్నారు. ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. పిల్లాడు ఎక్కడున్నాడో అక్కడికి పంతులు నడిచి వెళ్లాలన్నది ఆయన సంస్కరణ. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. ఆ పటం వేసిందీ మావే. మీసం కొంచెం పెద్దదైంది.

"మీ పిల్లల్ని ఏ మీడియంలో వేశారండీ?" అని మీరు అడుగుతారని తెలుసు. అడగండి. తెల్లారి ఆరున్నరకి మా వీధిలోకి పచ్చ బస్సొస్తుంది. మా వాడు అందులో ఎక్కి నగరం వైపు పోతాడు. ఆ బడి పేరులో ఒక ఊరి పేరు గానీ మనిషి పేరు గానీ లేదు. కాన్సెప్టు, టెక్నో, ఒలింపియాడ్, ఇంకా కొన్ని ఉన్నాయి. సర్కారు బడి గురించి కంట తడితో రాసే ఈ చెయ్యే అక్కడ ఫీజు చెక్కు మీద సంతకం పెడుతుంది. ప్రైవేటు బళ్లలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకివ్వాలని చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మన రాష్ట్రంలో ఆ సీట్లు నిజంగా ఇవ్వడం మొదలైంది 2022-23లో. ఆ పచ్చ బస్సు భీమిలి నుంచి బయల్దేరి జాలరిపేట చేరడానికి పన్నెండేళ్లు పట్టిందన్నమాట. ఇందులో నేనేమీ అడ్డుపడలేదు. కిటికీ పక్క సీటు మాత్రం మావాడిదే.

ఆలస్యం అంటే గుర్తొచ్చింది. 1998లో పంతుళ్ల ఉద్యోగాల కోసం డీఎస్సీ రాసి అర్హత పొందినవాళ్లకి మన రాష్ట్రం 2023లో ఉద్యోగాలిచ్చింది. ఇరవై అయిదేళ్లు! పరీక్ష రాసినప్పుడు పుట్టిన పిల్లలు తామూ బీఎడ్ చేసి కోచింగు సెంటర్లో కూర్చున్నారు. కొందరికి చేరిన చోటే పదవీ విరమణ కూడా దగ్గరపడింది. స్వాగత సభకీ వీడ్కోలు సభకీ ఒకే శాలువా సరిపోతుందని ఆర్థిక శాఖ లెక్కేసుకుని ఉంటుంది. పంతుళ్లకి శిక్షణ ఇచ్చే డైట్ సంస్థ మా భీమిలిలోనే ఉంది. 2014 నుంచి 2019 దాకా విద్యామంత్రి మా ఎమ్మెల్యేయే. దీపం కింద ఏముంటుందో చిన్నప్పుడే చదువుకున్నాం. 2025లో మెగా డీఎస్సీ అని 16,347 పోస్టులు ప్రకటించి అదే ఏడు భర్తీకి దిగడం వింతల్లో వింత. మావ దాన్ని కూడా గోడ మీద రాశాడు గానీ, "ఇంత యేగంగా అయితే నాకు రంగు ఆరదు" అని గొణిగాడు.

ఇంతకీ ఏం చేస్తే పిల్లాడికి చదవడం వస్తుంది? రహస్యమేమీ కాదు. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మన దేశంలోని బళ్లలోనే ఏళ్ల తరబడి చూసి చెప్పారు. ప్రథమ్ సంస్థ చేసి చూపించింది. పిల్లాడి తరగతి ఏదో వదిలెయ్యండి, వాడికి ఏం వచ్చో చూడండి. అక్షరం రానివాళ్లందర్నీ ఓ చోట, మాటలు చదివేవాళ్లని ఓ చోట, వాక్యం చదివేవాళ్లని ఓ చోట కూర్చోబెట్టి రోజుకో గంటా రెండు గంటలు పక్కన కూర్చుని చదివించండి. అంతే. దేశంలో పల్లెల్లోని అయిదో తరగతి పిల్లల్లో సుమారు సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రాదని ఆ సంస్థ సర్వేలే ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాయి కనుక, ఈ మందు పనికొచ్చేదే.

కానీ ఈ మందులో ఒక లోపం ఉంది. టెండరు లేదు. రిబ్బను లేదు. హెలికాప్టరు దిగడానికి మైదానం అక్కర్లేదు. పిల్లాడి పక్కన మేస్టారు చాప మీద కూర్చున్న ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా నిండదు. మావని అడిగితే, "దీనికి గోడ మీద రాయడానికేటుంది బాబూ, గిట్టదు" అని పెదవి విరిచాడు.

ఈమధ్య మా పక్కనే తర్లువాడలో గూగుల్ డేటా సెంటరు వస్తుందన్నారు. మనుషులు ఇంతవరకూ రాసిందంతా, ఇకమీదట రాయబోయేదంతా ఆ గోడౌన్లలో చల్లగా దాస్తారట. సంతోషం. మా గుంటడి రెండో తరగతి వాచకం కూడా అందులో ఎక్కడో ఉంటుంది. చదవడం వచ్చిన మనిషి దొరికితే చెప్పండి, పంపిస్తాను.

పోయిన వారం మావ ఆ పెచ్చులూడిన గోడకి తాజా పొర వేస్తున్నాడు. నేను పక్కనే నిలబడి ఈ కాలమ్‌కి సరుకు ఏరుకుంటున్నాను. మావ మనవరాలు బడి నుంచి వస్తూ ఆగింది. మూడో తరగతి. సంచీ కింద పెట్టి, వేలు గాల్లో ఆడిస్తూ, తాత రాసిన అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. మా ఇద్దరికీ నోట మాట లేదు. అందులో మొదటి మాట దగ్గర ఆగిపోయి, ముఖం చిట్లించి, "తాతా, తప్పు రాసినావు" అంది.

"ఏటే తప్పు?"

"'విధ్య' అని రాసినావు. 'విద్య' అనాలి. దకి కింద ఆ గీత ఉండకూడదు."

మావ కుంచె కిందికి దించాడు. "ఆ గీత నాను అందానికి ఎడతానే. అచ్చరం నిలబడినట్టుంటది" అన్నాడు. ఎప్పట్నుంచి పెడుతున్నావని అడిగాను. "మొదట్నుంచీ" అన్నాడు. ఇన్నేళ్లూ, ఇన్ని పొరలూ, ఇన్ని ప్రభుత్వాలూ. తనిఖీకి వచ్చినవాళ్లు చూశారు, ఫొటో తీశారు, అప్‌లోడ్ చేశారు, బిల్లు పాస్ చేశారు. పదేళ్లుగా ఆ గోడ పక్కనుంచి నడుస్తూ విద్య మీద కాలమ్‌లు రాసే నాకూ కనబడలేదు.

"నీకెవరు చెప్పినారే?" అన్నాడు మావ.

"మా టీచరుగారు. బడయ్యాక మమ్మల్ని చాప మీద కూకోబెట్టి చదివిస్తారు" అంది.

ఏ పథకం కింద అని అడగబోయి నాలిక కరుచుకున్నాను. పథకం అని తెలిస్తే రేపే దానికో పేరు పెట్టి, ఎల్లుండి ఓ యాప్ తెస్తారు. అందుకే ఆ టీచరు ఎవరో, ఆ బడి ఏదో ఇక్కడ రాయడం లేదు.

"మావా, ఆ గీత చెరిపెయ్యి మరి" అన్నాను.

మావ గోడవైపు చూశాడు, మనవరాలి వైపు చూశాడు, డబ్బాలో అడుగంటిన రంగు చూశాడు. "సెరపడానికి ఎస్టిమేట్లో ఐటం లేదు బాబూ" అన్నాడు. తర్వాత పిల్ల చేతికి చిన్న కుంచె అందించి, "నువ్వు పక్కనుండు. ఈసారి పేరు మారినప్పుడు నువ్వు సదువు, నాను రాస్తాను" అన్నాడు.